వియ్యపురాలి ఊరి రాయి

ఉద్యోగం చేసినన్నాళ్ళూ రాళ్ళు కదలకుండా చూసుకోవడమే నా పని. కొండల్లో రైలు పట్టాల ఇన్‌స్పెక్టరంటే వానాకాలమంతా తలెత్తి నడిచే మనిషి. ఏ బండ వదులైంది, ఏ గట్టు నాని ఉబ్బింది, ఏ సొరంగం నోట్లో మట్టి జారింది, ఏ మోరీ పూడింది - ఆ రోజుల్లో నా డైరీల్లో ఇవి తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఒక ఏడాది మా పెళ్ళిరోజున కూడా "ఎడతెగని వాన, మోరీ శుభ్రం చేయించాను" అని మాత్రమే రాసుకున్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. అలాంటి నాకు, రిటైరైన ఇన్నేళ్ళకి, రాళ్ళు ఎలా కదులుతాయో చూడాలని వచ్చిన ఒక అమ్మాయికి తోడు తిరిగే పని పడింది.

మేముండేది అరకు నుంచి బొర్రా వైపు దిగే కొండల్లో ఒక చిన్న ఊరు. మైదానంలో సొంతిల్లు ఉన్నా అక్కడి ఉక్క మా ఆవిడకు పడదు. అందుకని ఇక్కడే ఒక రైతు పెద్దావిడ ఇంటి ముందు భాగంలో అద్దెకు ఉండిపోయాం. వెనక భాగంలో ఆవిడ, కొడుకు, కోడలు ఉంటారు. ఇంటి పైన కాఫీ తోట, మిరియాల పాదులు, ఇంటి కింద చోడి చేను, అంటే రాగి చేను, అది దాటితే ఇక్కడివాళ్ళు గెడ్డ అనే కొండవాగు. ఆవిడకు నేను "పట్టాల బాబు"ని. మా ఆవిడ ఆవిణ్ణి ఇక్కడి పద్ధతిలో "అప్పా" అని, అంటే అక్కా అని, పిలుస్తుంది. ఇద్దరూ కలిస్తే నా గురించి మాట్లాడుకుంటారని నాకు తెలుసు. నేను గదిలోకి రాగానే మాట మార్చి వాతావరణం గురించి అడుగుతారు.

ఆ అమ్మాయి వేసవి చివర్లో ఒక ఇనప పెట్టెతో దిగింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట. వీధి వైపు గది ఖాళీగా ఉంటే ఇప్పించాం. ఏం చదువమ్మా అంటే, సముద్రం అంది.

"సముద్రం చదువుకి సముద్రం దగ్గరుండాలి కదా?" అన్నాను.

"అక్కడ సగం అయింది అంకుల్. మిగతా సగం మీ గెడ్డలో ఉంది."

మొదటి రోజు సాయంత్రమే టీ తాగుతూ మొత్తం చెప్పింది. భీమిలి వైపు కొన్నిచోట్ల సముద్రం ఒడ్డును కోసుకుపోతోంది. కోసుకుపోయిన చోట మళ్ళీ ఇసుక వచ్చి పడాలి. ఆ ఇసుకను నది తేవాలి. నది ఈ కొండల్లో పుడుతుంది. ఒడ్డున ఇసుక ఎటు కదులుతోందో తెలుసుకోవడానికి ఆమె తీరంలో చిన్న చిన్న సెన్సర్లు పాతి అప్పటికే ఏడాది దాటింది. ఇప్పుడు నది మొదట్లో, అంటే మా గెడ్డలో, రాళ్ళూ ఇసుకా ఎప్పుడు కదులుతాయో, ఎంత దూరం పోతాయో చూడాలి.

"మధ్యలో రిజర్వాయరు ఉంది కదమ్మా. అక్కడ ఆగిపోవూ?" అన్నాను.

"ఆగిపోతాయి. ఎంత ఆగుతోందో చెప్పాలంటే ముందు ఇక్కడినుంచి ఎంత బయల్దేరుతోందో తెలియాలి కదా!"

ఆ జవాబు నాకు నచ్చింది. పనిని మొదటినుంచి మొదలుపెట్టే మనుషులు తక్కువ. మర్నాటినుంచి నేనూ గెడ్డకు వస్తానన్నాను.

ఇనప పెట్టెలో ఉన్నవి రాళ్ళే. గెడ్డ ఇసుక, సిమెంటు కలిపి అరచేతిలో పట్టేంత సైజులో తనే పోత పోసుకుంది. ఒక్కొక్క దాని కడుపులో అగ్గిపెట్టెకన్నా చిన్న డబ్బీ. సెల్‌ఫోన్ అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా అడ్డంగా తిరుగుతుందే, ఆ కదలికను పట్టుకునే సెన్సరే ఈ డబ్బీలోనూ ఉంది. రాయి దొర్లినా, ఊగినా, ఊరికే పడి ఉన్నా టైముతో సహా లోపల దాచుకుంటుంది. కానీ తను ఎక్కడుందో దానికి తెలియదు. నీళ్ళ కింద, ఇసుక కింద ఏ సిగ్నలూ అందదు. అందుకని వానలు తగ్గాక మనమే వెతికి పట్టుకోవాలి. పట్టుకున్న చోటు గుర్తు పెట్టుకోవాలి. ఎక్కడ వేశామో, ఎక్కడ దొరికిందో తెలిస్తేనే రాయి చేసిన ప్రయాణం తెలుస్తుంది. వెతకడానికి ఒక తీగచట్రం ఉంది. దాన్ని చీపురులా అటూ ఇటూ ఊపుకుంటూ నడిస్తే, దగ్గరలో ఈ రాయి ఉన్నప్పుడు కీచుమంటుంది.

బురద నీళ్ళలో కూడా కనబడాలని వాటికి పసుపు రంగు వేయబోయింది. పెరట్లో డబ్బా మూత తీసిందో లేదో మాకు అద్దెకిచ్చిన ఇంటావిడ వచ్చేసింది.

"ఒలమ్మో, పసుపు రంగేటి గుంటా! పసుపు రాసిన రాయి గెడ్డొడ్డున కనబడితే మావోల్లు ఊరుకుంతారేటి? కుంకం బొట్టెట్టి సెట్టు కింద ఎట్టేత్తారు. అప్పుడు నువ్వెల్లి అడిగితే ఇత్తారేటి, దేవత్ని?"

"అయితే ఎరుపు వెయ్యనా అత్తా?"

"ఎరుపైతే ఇంకా బేగి ఎట్టేత్తారు."

మా ఆవిడ పడీ పడీ నవ్వింది. అమ్మాయి బ్రష్షు పట్టుకుని నిలబడిపోయింది.

"ఏ రంగూ ఎయ్యకు," అంది ఇంటావిడ. "గెడ్డలో ఉండే రాయి గెడ్డ రాయినాగే ఉండాల. ఎవులూ దానికేసి సూడరు. నీ రాయి నీకే ఉంటాది."

మాట సబబుగానే ఉంది. నేను కూడా సరేనన్నాను. రంగు డబ్బా మూత మళ్ళీ బిగించేశాం. తొలి వానలకు ముందు, గెడ్డ సన్నగా పారుతున్నప్పుడు, రాళ్ళన్నీ పైన ఒకే చోట అడ్డంగా వరస కట్టి వేశాం.

ఆ వానాకాలం నేను ఎన్నడూ ఎరగనంత సరదాగా గడిచింది. నాకు వాన అంటే దడ. ఇన్నేళ్ళ తర్వాత కూడా రేకు మీద చినుకులు పెద్దవైతే లేచి కూర్చుంటాను. ఈ అమ్మాయేమో ఆకాశం మబ్బు పట్టకపోతే ముఖం చిన్నబుచ్చుకునేది. మంచి వాన కొట్టిన మధ్యాహ్నం గొడుగులు పట్టుకుని చేను చివరి బండ మీదికి పోయేవాళ్ళం. గెడ్డ ఎర్రగా పొంగేది. ఆ నీటి మోత కింద ఇంకో మోత ఉంటుంది, గాడిలో గుండ్లు దొర్లుతున్నట్టు. వంతెనల దగ్గర ఆ చప్పుడు వింటే మా గ్యాంగువాళ్ళు పారలు వదిలేసి ఒడ్డెక్కేవాళ్ళు. ఈ అమ్మాయి గొడుగు వదిలేసి చప్పట్లు కొట్టింది.

"విన్నారా అంకుల్! కదులుతున్నాయి! నావి కూడా వాటిల్లో ఉన్నాయి!"

"పట్టాల బాబూ, ఆ గుంటని ఎనక్కి లాగు. రాళ్ళతో పాటు ఎల్లిపోద్ది," అని చేనులోంచి ఇంటావిడ కేక.

వానలు వెనకబట్టాక వెతకడం మొదలుపెట్టాం. పైనుంచి కిందికి, ఒక ఒడ్డు తర్వాత ఇంకో ఒడ్డు, నడిగెడ్డ ఆఖరున. ఈ వరస నాది. పట్టాలు తనిఖీ చేసినట్టు చేస్తే ఏ చోటూ తప్పిపోదని నేను పట్టుబట్టాను. పై భాగంలో చాలా రాళ్ళు దొరికాయి. కొన్ని వేసిన చోటుకు దగ్గర్లోనే పెద్ద బండల వెనక చిక్కుకుని ఉన్నాయి. కొన్నిటిని మోచేతి లోతు ఇసుక తవ్వి తీశాం. దొరికిన ప్రతిదాన్నీ అమ్మాయి కడిగి, తుడిచి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకునేది. కానీ ఎక్కువ దూరం పోయిన రాళ్ళు, అసలు ఆమెకు కావలసినవి, ఊరి రేవు దగ్గరా దొరకలేదు, దాని కిందా దొరకలేదు. మా ఊరికి కొంత దిగువన మా గెడ్డలో ఇంకో గెడ్డ కలుస్తుంది. అది దాటితే ఏడాది పొడుగునా నీళ్ళుండే పెద్ద పాయ. అక్కడికి చేరిన రాయి నదిలో పడినట్టే. ఆ కలిసే చోటు దాకా చట్రం ఊపుకుంటూ పోయాం. ఆ కింద ఇసుక మేట మీదా ఊపాం. చట్రం మూగదైపోయింది.

ఆమెకు ఇంకో వానాకాలం లేదు. స్కాలర్‌షిప్పు గడువు ఆ శీతాకాలంతో అయిపోతుంది. కొండ మీద రాళ్ళు నదిలోకి దిగుతున్నాయో లేదో తేలకపోతే చదువులో ఈ భాగం మొత్తం తీసేసి, సముద్రం ఒడ్డు గురించే రాసి ఇమ్మన్నాడట ఆమె గైడు. నెలాఖరు దాకా చూద్దామన్నాడు. అమ్మాయి భోజనం దగ్గర మాట్లాడటం మానేసింది. మా ఆవిడ వడ్డిస్తూ నావైపు కోపంగా చూసేది, గెడ్డను నేనే దాచిపెట్టినట్టు.

ఈలోగా కాఫీ కోతలు మొదలయ్యాయి. ఊరంతా ఎర్రటి పళ్ళు. ఇంటింటి ముందూ టార్పాలిన్ బరకాలు పరిచి ఎండబోశారు. ఒకరోజు మధ్యాహ్నం గెడ్డ నుంచి ఉత్తచేతులతో తిరిగొస్తున్నాం. అమ్మాయి చట్రాన్ని ఆపడం మరిచిపోయి భుజాన వేసుకుంది. ఇంటి మలుపు తిరిగేసరికి అది ఒక్కసారిగా కీచుమంది.

అమ్మాయి ఆగిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది. ఆగింది. ముందుకు వేసింది. మళ్ళీ కీచుమంది.

బరకం మధ్యలో కూచుని పళ్ళు తిరగేస్తున్న ఇంటావిడ తలెత్తింది. "ఏటి గుంటా ఆ గోల? కోడిపిల్లలు బెదిరిపోతన్నాయి."

బరకం గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టి ఉన్నాయి. అమ్మాయి చట్రాన్ని ఒక్కో మూలకూ తీసుకుపోయింది. మూడో మూల దగ్గర అది ఆపకుండా అరిచింది. వంగి రాయి తీసి, తిప్పి చూసి, అక్కడే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది.

"అత్తా, ఇది నాది!"

"నీదేటి? నాను గెడ్డలోంచి తెచ్చుకున్నాను."

"గెడ్డలో వేసింది నేనే!"

ఇంటావిడ రాయిని చేతిలోకి తీసుకుని గోటితో గీకి చూసింది. "ఓసి నీ దుంపతెగ! గెడ్డ రాయినాగే ఉంది."

"అలాగే ఉండాలని మీరే కదా చెప్పారు!"

కోతల ముందు ఆడవాళ్ళందరూ గెడ్డకు పోయి బరకాలకు రాళ్ళు తెచ్చుకోవడం ప్రతి ఏడూ ఉన్నదే. అరచేతిలో పట్టేది, ఒకవైపు బల్లపరుపుగా ఉండేది ఏరుకుంటారు. అమ్మాయి పోత పోసిన రాయికి ఆ రెండూ ఉన్నాయి. ఆ సాయంత్రం చట్రం పట్టుకుని ఊరంతా తిరిగాం. ప్రతి వాకిట్లోనూ ఒకటే నవ్వు. "మా ఇంట్లో అరిసింది, మా ఇంట్లో అరిసింది" అని పిలుపులు. ఒకావిడ తన రాయి అరవలేదని నొచ్చుకుంది. తప్పిపోయిన రాళ్ళు దాదాపు అన్నీ దొరికాయి.

ఎక్కడ తీశారో అడిగితే అందరూ ఊరి రేవు దగ్గరే అన్నారు. చేత్తో చూపించారు కూడా. ఇంటావిడ కూడా "రేవు కాడే" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున అమ్మాయి రాళ్ళు విప్పి డబ్బీలను లాప్‌టాప్‌కు తగిలించింది. నేను కళ్ళజోడు పెట్టుకుని పక్కన కూచున్నాను. తెర మీద గీతలు. వరద వచ్చిన రోజు గీత పిచ్చిపట్టినట్టు ఎగిరింది. తర్వాత చాలా రోజులు చదును. చివర్లో ఒకే లయలో చిన్న చిన్న ఎత్తుపల్లాలు.

"ఇదేమిటి?" అన్నాను.

"నడక అంకుల్. నెత్తిన బుట్ట పెట్టుకుని ఇంటికి నడిచిన నడక."

అన్ని రాళ్ళలోనూ నడక కాసేపే. రేవు నుంచి ఇంటికి పట్టేంత. ఇంటావిడ రాయిలో మాత్రం నడక వాటికి ఎన్నోరెట్లు. పైగా మధ్యలో ఒకచోట బుట్ట ఎక్కడో దించినట్టు కదలిక లేదు. తర్వాత మళ్ళీ నడక, ఈసారి కొంచెం వేగంగా. ఆ రాయే పెద్ద వరదలో అన్నిటికన్నా ఎక్కువసేపు దొర్లినది కూడా.

అమ్మాయి ముఖం చూస్తేనే నాకు అర్థమైంది. ఈ రాయిని గెడ్డలు కలిసే చోటుకు కింద, ఇసుక మేట మీద తీసి ఉంటే కొండ రాయి ఒక్క వానాకాలంలో నదిలోకి దిగినట్టు. రేవు దగ్గర తీసి ఉంటే ఏదీ దిగనట్టు. చదువు మొత్తం ఆ ఒక్క జవాబు మీద నిలబడి ఉంది.

ఇంటావిణ్ణి మెల్లగా అడిగింది. ఆవిడ ముఖం గంటు పెట్టుకుంది.

"రేవు కాడ తీసినానని సెప్పినానా నేదా? రాయి సాడీలు సెప్తాదేటి? రాయి మాట నమ్ముతావు, నా మాట నమ్మవు!"

ఎందుకలా అందో అమ్మాయికి తెలియదు. మా ఆవిడకూ నాకూ తెలుసు. ఇక్కడ గెడ్డకు ఊళ్ళ హద్దులున్నాయి. కలిసే చోటు దాకా మా ఊరిది. అక్కణ్ణుంచి కింద దిగువ ఊరిది. చేపైనా, ఇసుకైనా, రాయైనా ఒక ఊరి గెడ్డలోది ఇంకో ఊరివాళ్ళు అడక్కుండా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే నలుగురిలో ఒప్పుకుని తప్పు కట్టాలి. ఆ వేసవిలోనే దిగువ ఊరి ఆడవాళ్ళు మా కొండ మీద విస్తళ్ళు కుట్టే అడ్డాకులు కోశారని పెద్ద గొడవ చేసి వాళ్ళచేత తప్పు కట్టించింది ఈవిడే. అది చాలదన్నట్టు ఈవిడ కూతుర్ని ఇచ్చింది ఆ ఊరికే. వియ్యపురాలు నోరు గల మనిషి. అడ్డాకుల గొడవలో తల వంచుకున్నది ఆ వియ్యపురాలే.

అమ్మాయి గైడుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. ఆయన మంచిగానే మాట్లాడాడు.

"నడక ఎక్కువ ఉందంటే దూరంనుంచి వచ్చిందనే కాదమ్మా. నాలుగిళ్ళు తిరిగి కబుర్లాడి వచ్చి ఉండొచ్చు. తెచ్చినావిడ చోటు చూపించాలి. అదే రాయి, అదే బుట్ట, అదే మనిషి మళ్ళీ నడిస్తే, పాత గీతకూ కొత్త గీతకూ పోలిక కుదరాలి. అప్పుడు నేనూ ఒప్పుకుంటాను. లేకపోతే ఆ భాగం వదిలేద్దాం."

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మన పనివాడి మాట మీద వంతెన బాగుందని రాసి సంతకం పెట్టేవాణ్ణా నేను? పెట్టేవాణ్ణి కాను.

ఫోన్ పెట్టేశాక అమ్మాయి లేచి ఇనప పెట్టె తెరిచింది. మిగిలిన రాళ్ళు గుడ్డల్లో చుట్టి సర్దడం మొదలుపెట్టింది. హద్దుల సంగతి మా ఆవిడ చెప్పింది. విని తలూపింది.

"అయితే అడగను ఆంటీ. పరువు పోయే సంగతి. చోటు తెలియదని రాసేస్తాను."

ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరమూ చూడలేదు.

"ఏటి, సద్దేత్తన్నావు?"

"ఇంక పనేం లేదు అత్తా."

"ఆ ఒక్క రాయి కోసరమేటి?"

"అదొక్కటే కిందికి దిగిందేమో అనుకున్నాను. దిగకపోతే దిగలేదు. పర్లేదు."

ఇంటావిడ పైట చెంగు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ రోజంతా బరకం మీద పళ్ళు తిరగేస్తూనే ఉంది. తిరగేసినవే మళ్ళీ తిరగేసింది. మా ఆవిడ టీ తీసుకుపోయి ఇస్తే గ్లాసు పక్కన పెట్టేసింది.

మర్నాడు పొద్దున మంచు ఇంకా చేను మీదే ఉంది. తలుపు తట్టిన చప్పుడైతే తీశాను. ఇంటావిడ సంతకు కట్టుకునే చీర కట్టుకుని ఉంది. చంకలో పెద్ద నాటుకోడిపుంజు, చేతిలో వెదురు బుట్ట.

"ఆ గుంటని లెగదీ బాబూ. రాయట్టుకుని రమ్మను. దిగువూరెల్లాల."

ఇంటావిడ పుంజును చంక మార్చుకుంటూ ముందు నడిచింది. అమ్మాయి రాయిని మళ్ళీ మూసి, డబ్బీని ఆన్ చేసి గుండెకు హత్తుకుని నడిచింది. మా ఆవిడ కూడా స్వెట్టర్ వేసుకుని వచ్చింది. ఇది చూడకుండా ఇంట్లో ఉండటం తన వల్ల కాదంది.

వియ్యపురాలు వాకిట్లో చాట పట్టుకుని చోళ్ళు చెరుగుతోంది. పుంజును చూసి చాట ఆపింది.

"ఏటి ఒదినా, పొద్దున్నే పుంజునేసుకొచ్చినావు? నా కోడలు నీల్లోసుకుందని ఎవులైనా సెప్పినారేటి? ఇంకా నేదు."

"అందుక్కాదు."

"మరేటి?"

ఇంటావిడ గొంతు సవరించుకుంది. చుట్టుపక్కల గుమ్మాల్లోంచి నలుగురు బయటికి వచ్చారు. "మా రేవు కాడ మంచిది దొరక్క మీ మేట మీద ఒక రాయి తీసినాను. అడగనేదు. తప్పు కట్టడానికొచ్చినాను."

వియ్యపురాలి ముఖం మెల్లగా విప్పారింది. అంత సంతోషం నేను ఈ మధ్యకాలంలో ఎవరి ముఖంలోనూ చూడలేదు.

"రాయా! మా అడ్డాకులకి నువ్వెంత గోల సేసినావు ఒదినా! నాకు తలకాయెత్తుకోనిచ్చినావేటి? ఇప్పుడు మా రాయట్టుకెల్లిపోయినావా!"

"ఒప్పుకున్నాను కదేటి."

"ఇంకోపాలి సెప్పు. ఆ ఎనకింటోల్లకి ఇనబడనేదు."

ఇంటావిడ ఇంకోసారి చెప్పింది, గట్టిగానే. అందరూ నవ్వారు. వియ్యపురాలు పుంజును అందుకుని బరువు చూసుకుంటూ సరేనంది. అప్పుడు అమ్మాయి ముందుకు వచ్చి, ఇంకో నడక కావాలని, ఎందుకు కావాలో చెప్పింది. సముద్రం ఒడ్డు కోసుకుపోవడం, ఇసుక, నది అంతా. వియ్యపురాలు నోరు తెరుచుకుని విని, "మా మేట మీది రాయి సముద్రానికెల్తాదా?" అని మాత్రం అడిగింది.

ఊరు సగం మా వెంట మేట మీదికి వచ్చింది. ఇంటావిడ ఒక వాలు దుంగ పక్కన నిలబడి, కాలితో గుంట చూపించింది. "ఇక్కడ." అమ్మాయి కళ్ళు ఆ చోటు మీదనుంచి కదల్లేదు. కలిసే చోటుకు అది బాగా దిగువన ఉంది. కొలత తీసుకున్నాం. రాయిని బుట్టలో వేసి నెత్తికెత్తాం.

ఇంటావిడ నడవడం మొదలుపెట్టింది. వెనక మేమందరం ఊరేగింపులా నడిచాం. వెదురు పొద దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆగి, బుట్ట దించి, అటూ ఇటూ చూసింది.

"ఇక్కడ కూసేపు కూకున్నాను," అంది చిన్నగా.

"ఎందుకొదినా? కాళ్ళు నొప్పెట్టినాయా?"

"నీ మూలంగానే! నువ్వు బిందెట్టుకుని ఎదురొచ్చినావు. పొద ఎనక దూరినాను."

వియ్యపురాలు నవ్వుతూ నడుం పట్టుకుని నేల మీద కూలబడింది. కళ్ళు తుడుచుకుని లేచి, ఎవరో పిల్ల చేతిలో బిందె లాక్కుంది. "కూకో ఒదినా, కూకో. పొద ఎనకాలే కూకోవాల. నానప్పుడెలాగొచ్చినానో అలాగే వత్తాను. గుంట సదువు సక్కగా రావాల కదేటి!"

అలాగే జరిగింది. ఇంటావిడ సంత చీరతో వెదురు పొద వెనక గొంతుక్కూచుంది. వియ్యపురాలు ఖాళీ బిందె చంకనెట్టుకుని, కూనిరాగం తీస్తూ, వీలైనంత నెమ్మదిగా ఆ దారిన నడిచి పోయింది. పోతూ పోతూ పొద దగ్గర ఆగి కాలి మెట్టె కూడా సవరించుకుంది.

"అప్పుడిలాగ ఆగనేదు నువ్వు!" అని పొదలోంచి గొంతు.

"ఆగినాను. నువ్వు కల్లు మూసుకున్నావు."

అక్కణ్ణుంచి ఇంటావిడ కాస్త వేగంగా నడిచింది. ఇంటికి చేరి బుట్ట దించి, బరకం మూల దగ్గర రాయి పెట్టి, "అయిపోనాది" అంది.

ఆ మధ్యాహ్నం మా అరుగు మీద లాప్‌టాప్ చుట్టూ రెండు ఊళ్ళ జనం. పాత గీత పైన, కొత్త గీత కింద. మొదటి నడక, ఆగిన చోటు, రెండో నడక. రెండూ ఒకే మనిషి చేతి రాతలా ఉన్నాయి. ఆగిన సమయం మాత్రం ఈసారి కొంచెం ఎక్కువ. వియ్యపురాలి మెట్టె వల్ల. అమ్మాయి రెండు గీతల్నీ ఫోటో తీసి గైడుకు పంపింది. చాలాసేపు ఏ జవాబూ రాలేదు. ఎవరూ లేచి వెళ్ళలేదు. ఇంటావిడ చేతిలో కాఫీ పండు ఒకటి నలిగి తొక్క ఊడిపోయింది.

ఫోన్ మోగింది. గైడు అడిగింది ఒక్కటే. ఆగిన చోటు ఎందుకు ఆగారు అని. అమ్మాయి చెప్పింది. అటువైపు నవ్వు. "సరే. కొండల భాగం రాయి. ఆ పొద సంగతి కూడా రాయి, కాకపోతే మర్యాదగా."

అమ్మాయి ఫోన్ కింద పెట్టి ఇంటావిణ్ణి గట్టిగా పట్టుకుంది. ఆవిడ "ఒలమ్మ, ఒగ్గీ, ఊపిరాడతన్నేదు" అంటూనే ఆ పిల్ల వీపు నిమిరింది. మా ఆవిడ లోపలికి పోయి ఉన్న పాలన్నీ పోసి టీ పెట్టింది.

పుంజు ఆ రాత్రికే దిగువ ఊళ్ళో పొయ్యి మీదికెక్కింది. మర్నాడు ఆ కబురు చెప్పడానికి వచ్చిన వియ్యపురాలు ఇంకో మాట కూడా చెప్పింది. కోడి కోడే, రాయి రాయే. తప్పు పూర్తవ్వాలంటే తీసిన రాయి తీసిన చోటే పెట్టాలట. అమ్మాయి దాన్ని విప్పి డబ్బీ, బ్యాటరీ తీసేసుకుని, ఖాళీలో గెడ్డ కంకర నింపి సిమెంటుతో మూసింది. సిమెంటు గట్టిపడ్డాక మళ్ళీ అందరం మేట మీదికి పోయాం. ఇంటావిడ వంగి రాయిని ఇసుకలో పెట్టింది.

"ఇంకొంచెం ఇటు ఒదినా," అంది వియ్యపురాలు నడుం మీద చేతులేసుకుని. "దుంగ పక్కకి. ఆఁ, అలాగ. అది మా ఊరి రాయి."

ఇంటావిడ చేతులు దులుపుకుని నిలబడింది.

"సూసుకో మరి. వచ్చే వానకి మీ ఊరు కూడా దాటెల్లిపోద్ది."